రోమ్‌లో ఒక్క రోజు: చూడటం, తినడం ఏ వరుసలో పెట్టుకోవాలి?

ఇటలీకి వెళ్లే మనవాళ్లలో చాలామందికి రోమ్ నగరంలో మిగిలేది ఒక్క పూర్తి రోజు మాత్రమే. ఆ రోజును ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి, శాకాహారులు ఏం తినాలి, పెద్దవాళ్లను ఎంత దూరం నడిపించవచ్చు అనే ప్రశ్నలు పదేపదే వస్తున్నాయి కాబట్టి, ముందస్తు ఏర్పాట్ల నుంచి రాత్రి బసకు చేరేదాకా మొత్తం వరుసను ఇక్కడ రాస్తున్నాను.

మూడు సమయాలు ఈ రోజును నడిపిస్తాయి: కొలోసియం టికెట్ మీద ఉన్న సమయం, ఎండ తీవ్రత, వంటశాలలు తెరిచి ఉండే వేళలు. ఈ మూడింటిని ముందు కాగితం మీద పెట్టుకుని, మిగిలినవన్నీ వాటి మధ్య ఇమడ్చాలి. చూడవలసిన వాటి జాబితాతో మొదలుపెట్టినవాళ్లు మధ్యాహ్నం మూడు గంటలకు ఆకలితో, ఎండలో, మూసిన హోటళ్ల ముందు తిరుగుతూ కనిపిస్తారు.

## 1. ముందుగా తీసుకోవలసిన నిర్ణయం

వాటికన్ మ్యూజియంలను ఈ రోజులో పెట్టుకోవద్దని నా గట్టి సలహా. వాటికే కనీసం సగం రోజు పడుతుంది. సెయింట్ పీటర్స్ బసిలికాలోకి ప్రవేశం ఉచితమే అయినా భద్రతా తనిఖీ వరుస గంటకు పైగా సాగవచ్చు. కొలోసియం, వాటికన్ రెండింటినీ ఒకే రోజు చూడాలనుకుంటే రెండూ సగం సగమే చూసి, భోజనం నడుస్తూ చేయవలసి వస్తుంది.

వాటికన్ చూడటమే మీ యాత్రకు ముఖ్యోద్దేశమైతే, ఉదయం కొలోసియం స్థానంలో దాన్ని పెట్టుకుని, మధ్యాహ్నం నుంచి ఇదే వరుసను అనుసరించవచ్చు. అయితే ఆ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి.

## 2. నెల రోజుల ముందు: తేదీ, టికెట్లు

కొలోసియం టికెట్లను అధికారిక వెబ్‌సైట్‌లో సందర్శన తేదీకి 30 రోజుల ముందు విడుదల చేస్తారు. సాధారణ టికెట్ 18 యూరోలు. కొలోసియం, రోమన్ ఫోరమ్ (ప్రాచీన నగర కూడలి శిథిలాలు), దాని పక్కనున్న పలటైన్ కొండ మూడూ అందులోనే వస్తాయి. 18 ఏళ్ల లోపు వారికి ప్రవేశం ఉచితం, కానీ వారి పేరున కూడా టికెట్ తీసుకోవాలి.

టికెట్ మీద ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి. మనలో చాలామందికి ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఒక రకంగా, మిగతా పత్రాల్లో ఇంకో రకంగా ఉంటుంది కాబట్టి, టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్ట్‌ను ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవడం మంచిది. లోపలికి వెళ్లేటప్పుడు గుర్తింపు పత్రం అడుగుతారు.

వీలైతే ఉదయం 8:30 గంటల సమయాన్నే ఎంచుకోండి. అప్పటికి ఎండ ఎక్కి ఉండదు, గుంపులు కూడా ఇంకా చేరవు.

పెద్ద గోపురమున్న ప్రాచీన రోమన్ ఆలయం పాంథియాన్‌కు 2023 జులై నుంచి టికెట్ పెట్టారు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంల పోర్టల్‌లో ముందే కొనుక్కుని, సమయాన్ని మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో పెట్టుకోండి. కారణం తొమ్మిదో భాగంలో చెబుతాను.

తేదీ ఎంచుకునేటప్పుడు చూడవలసినవి:

- నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ స్మారకాలకు ప్రవేశం ఉచితం. ఆ రోజు రద్దీ విపరీతంగా ఉంటుంది కాబట్టి సమయం తక్కువ ఉన్నవాళ్లు తప్పించుకోవాలి.
- ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు. దానికి అటూ ఇటూ చాలా చిన్న భోజనశాలలు మూసేస్తారు.
- శనివారం అయితే మధ్యాహ్న భోజనం ప్రణాళిక మార్చుకోవాలి (ఏడో భాగం చూడండి).
- రవాణా సమ్మెలు తరచుగా శుక్రవారాల్లో వస్తాయి. వాటిని ముందే ప్రకటిస్తారు కాబట్టి, బయలుదేరే వారంలో ఒకసారి వార్తలు చూసుకోవాలి.

## 3. ముందు రోజు రాత్రి సరిచూసుకోవలసినవి

- చెప్పులు, బూట్లు: రోమ్ పాత వీధుల్లో నల్లటి చదరపు రాళ్లు పరిచి ఉంటాయి. వాటి మధ్య సందులు లోతుగా ఉంటాయి, తడిస్తే జారతాయి. పలుచని అట్టల చెప్పులతో, ఎత్తు మడమలతో రోజంతా నడవలేరు. చీర కట్టుకునే పెద్దవాళ్లు కుచ్చెళ్లను చీలమండకు కొంచెం పైకి ఉండేలా కట్టుకుని, వెనుక పట్టీ ఉన్న మెత్తటి బూట్లు వేసుకుంటే ఇబ్బంది ఉండదు.
- దుస్తులు: చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ఒక పలుచని చున్నీ సంచిలో ఉంటే చాలు.
- సంచి: కొలోసియంలోకి పెద్ద సంచులు, సూట్‌కేసులు, గాజు సీసాలు తీసుకెళ్లనివ్వరు.
- నీళ్ల సీసా: ఖాళీ ప్లాస్టిక్ లేదా స్టీలు సీసా.
- బ్యాంకు కార్డు: మన దేశపు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపివేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకాన్నీ, కార్డు తాకించి చెల్లించే సదుపాయాన్నీ విడివిడిగా ఆన్ చేసుకోవాలి.
- చిల్లర: ఒక యూరో, రెండు యూరోల నాణేలు కొన్ని.

కార్డు యంత్రం మీద రూపాయల్లో చెల్లిస్తారా, యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలనే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే ఆ యంత్రం వాళ్ల మారకపు రేటు పడుతుంది. అది దాదాపు ఎప్పుడూ మన బ్యాంకు రేటు కన్నా ఎక్కువే.

బస్సు, మెట్రో, ట్రామ్‌లకు ఒకే టికెట్. 1.50 యూరోల టికెట్ మొదటిసారి ముద్ర వేసినప్పటి నుంచి 100 నిమిషాలు చెల్లుతుంది, అయితే అందులో మెట్రో ప్రయాణం ఒక్కటే. కాగితపు టికెట్‌ను బస్సు ఎక్కగానే లోపలి యంత్రంలో పెట్టి ముద్ర వేయించాలి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా తప్పదు. బ్యాంకు కార్డునే నేరుగా తాకించి వెళ్లవచ్చు. అప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క కార్డు వాడాలి.

## 4. ఉదయం 6:30: ట్రెవీ ఫౌంటెన్

ట్రెవీని పొద్దున్నే చూడాలి. పదిగంటల తర్వాత అక్కడ నీళ్లకన్నా తలలే ఎక్కువ కనిపిస్తాయి. 2026 ఫిబ్రవరి నుంచి పగటివేళల్లో తొట్టి అంచు దాకా దిగడానికి పర్యాటకులకు 2 యూరోల టికెట్ పెట్టారు, పైనున్న వీధి నుంచి చూడటానికి ఏమీ చెల్లించనక్కర్లేదు. తెల్లవారుజామున ఆ బాధ కూడా ఉండదు.

టెర్మినీ (ప్రధాన రైల్వే) స్టేషన్ దగ్గర దిగినవాళ్లు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నడిచి వెళ్లవచ్చు, లేదా మెట్రో ఏ లైన్‌లో బర్బెరీనీ స్టేషన్‌లో దిగవచ్చు. ఇరవై నిమిషాలు ఇక్కడ సరిపోతాయి. నీళ్లలో కాళ్లు పెట్టడం, అంచు మీద కూర్చుని తినడం నిషిద్ధం, జరిమానా వేస్తారు. స్పానిష్ మెట్ల మీద కూర్చోవడం కూడా 2019 నుంచి నిషేధమేనని పిల్లలతో వెళ్లేవారు గుర్తుంచుకోవాలి.

## 5. ఉదయం 7:15: నిలబడి తాగే కాఫీ

ఇటలీలో బార్ అంటే కాఫీ దొరికే చోటు. అక్కడ రెండు ధరలుంటాయి: కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒకటి, బల్ల దగ్గర కూర్చుంటే మరొకటి. ప్రసిద్ధ కూడళ్లలో రెండో ధర మొదటిదానికి మూడు నాలుగు రెట్లు కూడా ఉంటుంది. నిలబడి తాగే ఎస్ప్రెస్సో సాధారణంగా ఒకటి, ఒకటిన్నర యూరోల మధ్య ఉంటుంది.

రద్దీ బార్‌లో వరుస ఇలా ఉంటుంది:

1. ముందుగా గల్లా దగ్గర కావలసినవి చెప్పి డబ్బు చెల్లించాలి.
2. ఇచ్చిన రసీదును కౌంటర్ మీద పెట్టి మళ్లీ చెప్పాలి.
3. తాగి, కప్పు అక్కడే వదిలి వెళ్లాలి.

"ఉన్ కాఫే" అంటే చిన్న కప్పులో చిక్కటి ఎస్ప్రెస్సో వస్తుంది. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా పాలు కలిసి కావాలంటే "కాపుచ్చీనో" అడగాలి. ఉట్టి "లాత్తె" అని అడిగితే గ్లాసెడు పాలే ఇస్తారు. దానితో పాటు "కొర్నెత్తో" (క్రొయిసాంట్ లాంటి తియ్యటి రొట్టె) తీసుకుంటే ఉదయపు పలహారం అయినట్టే. అందులో గుడ్డు, వెన్న ఉంటాయి. గుడ్డు తినని వారు బేకరీలో ఉప్పు, ఆలివ్ నూనె రాసి కాల్చిన "పిజ్జా బియాంకా" ముక్క అడగవచ్చు. బయలుదేరే ముందు అక్కడి మరుగుదొడ్డి వాడుకోండి. నగరంలో ప్రజా మరుగుదొడ్లు తక్కువ.

## 6. ఉదయం 8:15: కొలోసియం, ఫోరమ్

ట్రెవీ నుంచి పియాజ్జా వెనేత్సియా మీదుగా, ఫోరీ ఇంపెరియాలీ వీధిలో నేరుగా నడిస్తే అరగంటలో కొలోసియం ముందుంటారు. దారి చదునుగా ఉంటుంది, ఎడమవైపు ట్రాజన్ స్తంభం కనిపిస్తుంది. పెద్దవాళ్లకు మెట్రో బి లైన్ మేలు, టెర్మినీ నుంచి కొలోసియో రెండో స్టేషన్.

కొలోసియం లోపల గంటన్నర చాలు. పై అంతస్తుకు లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవారు సిబ్బందిని అడగాలి.

ఆ తర్వాత ఫోరమ్‌లోకి వెళ్లండి. అక్కడ నీడ చాలా తక్కువ, నేల ఎగుడుదిగుడు. వేసవిలో పదకొండున్నరకల్లా బయటపడేలా చూసుకోవాలి. పలటైన్ కొండ ఎక్కే ఓపిక లేకపోతే మానేయండి. ఫోరమ్ మొత్తాన్ని ఒకే చూపులో చూడాలంటే కాంపిదోల్యో కూడలి వెనుకనున్న అరుగుల దగ్గరికి వెళితే చాలు. అక్కడికి టికెట్ కూడా అక్కర్లేదు.

కొలోసియం బయట రోమన్ సైనికుల వేషంలో ఫోటోకు పిలిచేవారు తర్వాత గట్టిగా డబ్బు అడుగుతారు. చేతికి దారం కట్టేవారు, గులాబీ చేతిలో పెట్టేవారు కూడా అంతే. చేతులు దగ్గరికి తీసుకుని, ఆగకుండా "నో, గ్రాత్సియె" అని నడిచిపోవడం ఒక్కటే మార్గం.

నీళ్ల సంగతి. వీధుల్లో సుమారు 2,500 ఇనుప కుళాయిలు రాత్రింబవళ్లు పారుతుంటాయి. "నాసోనె" అంటారు. నీళ్లు చల్లగా, తాగడానికి సురక్షితంగా ఉంటాయి. వంగి తాగనక్కర్లేదు. కిందికి వంగిన గొట్టం మూతిని వేలితో మూస్తే, గొట్టం వంపు మీద ఉన్న చిన్న రంధ్రం నుంచి నీరు పైకి ధారగా చిమ్ముతుంది, దానికి నోరు పెట్టి తాగవచ్చు. సీసా నింపేటప్పుడు వేలు తీసేస్తే సరి.

## 7. మధ్యాహ్నం 12:30: భోజనం

రోమ్ భోజనశాలల్లో మధ్యాహ్న భోజనం సుమారు 12:30 నుంచి 2:30 వరకు. ఆ తర్వాత చాలాచోట్ల పొయ్యి ఆర్పేసి రాత్రి 7:30కే మళ్లీ వెలిగిస్తారు. అందుకే ఈ రోజులో భోజనాన్ని ముందుకు జరపకూడదు, వెనక్కీ నెట్టకూడదు.

కాంపిదోల్యో నుంచి మార్సెల్లో థియేటర్ పక్కగా పది నిమిషాలు నడిస్తే పాత యూదుల వాడ వస్తుంది. పోర్తికో దొత్తావియా వీధిలో వరుసగా భోజనశాలలున్నాయి. శాకాహారులకు నేను ఈ వాడనే సూచించడానికి కారణం ఉంది. యూదుల ఆహార నియమాల ప్రకారం పాలు, మాంసం ఒకే వంటశాలలో వండరు. కాబట్టి ఇక్కడి కోషర్ (ఆ నియమాలు పాటించే) పాల భోజనశాలల్లో మాంసం అసలు ఉండదు. చేప ఉండవచ్చు, అది మాత్రం అడగాలి. పంది మాంసం ముట్టనివారికి కోషర్ భోజనశాల ఏదైనా నిశ్చింతే. ఇవి శుక్రవారం సాయంత్రం, శనివారం పగలు మూసి ఉంటాయి.

ఇక్కడ తప్పక తినవలసింది "కార్చోఫి అల్లా జూదియా". ఆర్టిచోక్ మొగ్గను రేకులు విప్పి రెండుసార్లు నూనెలో వేయిస్తారు. అంచు రేకులు అప్పడంలా కరకరలాడతాయి, మధ్య భాగం మెత్తగా ఉంటుంది. చలికాలం చివరి నుంచి వసంతం వరకు దీని కాలం.

బిల్లులో రొట్టెకు విడిగా ఒకటి రెండు యూరోలు వేయడం సాధారణం. టిప్పు తప్పనిసరి కాదు. నచ్చితే చిల్లర వదిలేయవచ్చు. గుమ్మం ముందు నిలబడి చేయి పట్టి పిలిచే హోటళ్లకు, ఫోటోల మెనూ ఉన్నవాటికి దూరంగా ఉండండి.

## 8. ఏది తినవచ్చు, ఏది అడిగి తినాలి

శాకాహారంగా కనిపించి లోపల వేరేది ఉండే వంటకాలు రోమ్‌లో కొన్ని ఉన్నాయి. ఈ భాగాన్ని ఫోన్‌లో దాచుకోండి.

చూసి మోసపోయేవి

- పుంతారెల్లె: పచ్చటి ఆకుకూర సలాడ్‌లా ఉంటుంది. పైన కలిపే రసంలో ఆంకోవీ చేప ఉంటుంది.
- ఫియోరి ది జుక్కా: వేయించిన గుమ్మడి జాతి పూలు. లోపల చీజ్‌తో పాటు ఆంకోవీ పెడతారు.
- సుప్లీ: అన్నం ఉండ వేపుడు. టమాటా గుజ్జులో తరచుగా మాంసం కలుపుతారు.
- కాచో ఎ పెపె: చీజ్, మిరియాల పాస్తా. మాంసం లేదు, కానీ పెకొరీనో చీజ్‌ను గొర్రెపిల్ల పొట్టనుంచి తీసిన రెన్నెట్‌తో పేరబెడతారు. పైగా దీనికి వాడే తొన్నరెల్లి పాస్తాలో గుడ్డు ఉంటుంది.
- మినెస్త్రోనె: కూరగాయల సూప్. మాంసపు నీళ్లతో చేశారేమో అడగాలి.
- తిరమిసూ: పచ్చి గుడ్డు ఉంటుంది.

నిశ్చింతగా తినదగినవి

- అర్రబ్బియాత: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. కారం మన నాలుకకు తక్కువే అనిపిస్తుంది, "పియూ పెపెరొన్‌చీనో" అంటే ఇంకాస్త వేస్తారు. చీజ్ వద్దనుకుంటే ముందే చెప్పాలి.
- ఆల్యో ఎ ఓల్యో: వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చితో స్పగెత్తి. ఎండు స్పగెత్తిలో గుడ్డు ఉండదు. తాజా పాస్తాలో ఉంటుంది.
- పిజ్జా మరినారా: చీజ్ లేని పిజ్జా. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో.

కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా మూడింటిలోనూ పంది మాంసం ఉంటుంది. గొడ్డు మాంసం తిననివారు మెనూలో "మాంజో", "వితెల్లో", "బ్రెజావొలా" అన్న మాటలను గుర్తుపట్టాలి. "కోదా అల్లా వాచ్చినారా" ఎద్దు తోక కూర.

ఈ మూడు మాటలు నేర్చుకుంటే పని జరుగుతుంది: "సోనో వెజెతారియానో" (స్త్రీలు "వెజెతారియానా" అనాలి), "సెన్జా కార్నె, సెన్జా పెషె" అంటే మాంసం, చేప లేకుండా, "సెన్జా ఉవోవా" అంటే గుడ్డు లేకుండా. మాంసం వద్దని మాత్రమే చెబితే చేప వేసి తెచ్చే అవకాశం ఉంది కాబట్టి రెండూ చెప్పాలి.

## 9. మధ్యాహ్నం 2:00: పాంథియాన్, నవోనా, జెలాతో

గడియారాన్ని గంట ముందుకు జరిపే వేసవి కాలమానంలో రోమ్‌లో సూర్యుడు నడినెత్తికి చేరేది ఒంటిగంట దాటాకే. పాంథియాన్ గోపురం నడిమిన సుమారు 9 మీటర్ల గుండ్రటి రంధ్రం నుంచి దిగే వెలుగు వలయం ఎండాకాలంలో రెండు గంటల వేళకు నేల మీదికే వస్తుంది. చలికాలంలో గోపురం పైభాగంలోనే ఉండిపోతుంది. ఈ వెలుగు చూడటానికే ఆ సమయం సూచించాను. వాన పడితే నీరు నేరుగా లోపలికే దిగుతుంది, నేలలోని చిన్న రంధ్రాల గుండా వెళ్లిపోతుంది. వాన రోజైనా ఈ సందర్శన మానుకోవద్దు.

అయిదారు నిమిషాల నడకలో పియాజ్జా నవోనా ఉంది. దారిలో సాన్ లూయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో కారవజ్జో గీసిన మూడు చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. చర్చిలు మధ్యాహ్నం మూసి మళ్లీ తెరుస్తాయి, తలుపు మూసి ఉంటే నవోనా ముందు చూసి వెనక్కి రండి.

జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్) కొనేటప్పుడు పిస్తా రంగు చూడండి. అసలు పిస్తా మసక గోధుమ పచ్చగా ఉంటుంది. ముదురు ఆకుపచ్చలో మెరిసిపోతుంటే అది రంగు వేసింది. కొండలా పైకి పేర్చినదానికన్నా మూతలున్న స్టీలు డబ్బాల్లో ఉంచినది సాధారణంగా మేలు. గుడ్డు వద్దనుకునేవారు పళ్ల రుచులు అడగాలి.

తర్వాత ఒక గంట విశ్రాంతి తప్పనిసరిగా పెట్టుకోండి. బస దగ్గరైతే వెళ్లి నడుం వాల్చడం అన్నిటికన్నా మంచిది.

## 10. సాయంత్రం: జానికోలో కొండ, ట్రస్తేవెరె

సూర్యాస్తమయానికి గంట ముందు తైబర్ నది దాటి ట్రస్తేవెరె అనే పాత వాడ వైపు రండి. తైబర్ ద్వీపం మీదుగా ఫబ్రీచో వంతెన దాటే దారి అన్నిటికన్నా బాగుంటుంది. క్రీ.పూ. 62 నాటి ఆ వంతెన మీద ఇప్పటికీ జనం నడుస్తున్నారు.

జానికోలో కొండ మీది నుంచి నగరం తూర్పువైపు కనిపిస్తుంది. వెనుక నుంచి పడే సాయంకాలపు ఎండ గోపురాలన్నిటి మీదా పరుచుకుంటుంది. ఎక్కలేనివారు టాక్సీలో వెళ్లి నడుచుకుంటూ దిగవచ్చు.

కిందికి దిగి 7:30కి రాత్రి భోజనానికి కూర్చోండి. ఎనిమిదిన్నర తర్వాత బల్లలు దొరకడం కష్టం, ముందుగా బుక్ చేసుకోవడమే మేలు. సాంతా మారియా కూడలి చుట్టూ కాకుండా రెండు సందులు లోపలికి వెళితే ధర, రుచి రెండూ మెరుగ్గా ఉంటాయి. పెరుగన్నం లేనిదే నిద్ర పట్టనివారు సూపర్ మార్కెట్‌లో "యోగర్త్ బియాంకో" కొనుక్కోవాలి. అందులో చక్కెర లేనిదా అని డబ్బా మీద చూసుకోండి. మన సరుకులు కావలసినవారికి టెర్మినీ దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌లో బియ్యం, పప్పులు, మసాలాలు దొరుకుతాయి.

ట్రస్తేవెరెలో మెట్రో లేదు. టెర్మినీకి హెచ్ బస్సు ఉంది. టాక్సీ అయితే అధికారిక స్టాండ్‌లో తెల్లని బండి ఎక్కి, మీటరు తిరుగుతోందని చూసుకోవాలి.

## 11. ఏర్పాట్లు తప్పినప్పుడు

- కొలోసియం టికెట్ దొరకలేదు: వెబ్‌సైట్‌ను మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి. దొరకకపోతే బయట నుంచి చూసి, ఆ సమయాన్ని కాంపిదోల్యో మ్యూజియంలకు ఇవ్వండి. వీధిలో టికెట్లు అమ్మేవారి దగ్గర కొనవద్దు.
- ఎండ భరించలేనంతగా ఉంది: పదకొండు నుంచి నాలుగు వరకు పాంథియాన్, చర్చిలు, భోజనం మాత్రమే ఉంచి ఫోరమ్‌ను వదిలేయండి.
- పెద్దవాళ్లు అలసిపోయారు: జానికోలో తీసేసి, నవోనా నుంచి టాక్సీలో నేరుగా భోజనానికి వెళ్లండి.
- మధ్యాహ్న భోజనం దాటిపోయింది: పిజ్జా అల్ తాల్యో దుకాణాలు రోజంతా తెరిచి ఉంటాయి. ఎంత ముక్క కావాలో చేత్తో చూపిస్తే కత్తిరించి తూకం వేసి ఇస్తారు.
- పర్సు లేదా పాస్‌పోర్ట్ పోయింది: టెర్మినీ స్టేషన్, 64 నంబరు బస్సు, మెట్రో ఏ లైన్ జేబుదొంగలకు పేరుపడ్డ చోట్లు, సంచి ఎప్పుడూ ఛాతీ మీదే ఉండాలి. అయినా పోతే, ముందు బ్యాంకు యాప్‌లో కార్డులు ఆపేయండి. అత్యవసర సహాయానికి 112. తర్వాత పోలీసుల దగ్గర "దెనూంచా" అనే ఫిర్యాదు పత్రం రాయించుకుని, దాని నకలు, పాస్‌పోర్ట్ నకలు, ఫోటోలతో వెంతి సెత్తెంబ్రె వీధిలోని 5వ నంబరు భవనంలో ఉన్న భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఆ పత్రం లేకుండా వెళితే వెనక్కి రావలసి వస్తుంది.